బళ్ల దొడ్డి ఆశీలు

మా తమ్ముడు మాణిక్యాలరావుకి న్యాయం అనే జబ్బుంది. చిన్నప్పుడు అమ్మ మామిడిపండు ఇచ్చి ఇద్దరూ పంచుకోండర్రా అంటే, టెంకను కూడా సగానికి కోయాలని కత్తిపీట ముందేసుకుని కూర్చునేవాడు. ఆ జబ్బు వయసుతో పాటు ముదిరిందే గాని తగ్గలేదు. అందుకే, అమలాపురం సంతకు వచ్చే బళ్లకు ఒక దొడ్డి ఏర్పాటు చేసి, అక్కడ ఆగిన బండికి ఆశీలు వసూలు చేయడానికి తాసీల్దారుగారు ఊరివాళ్లతో ఒక కమిటీ వేసినప్పుడు, దానికి పెద్దగా మా తమ్ముణ్ణే కూర్చోబెట్టారు. నన్నడిగితే వద్దనేదాన్ని. ఆడవాళ్లని అడిగే అలవాటు కచేరీకి లేదు.

దొడ్డి అక్కర్లేదని నేననను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి నీళ్లు పారించాక మా కోనసీమలో పంట పెరిగింది. పంటతో పాటు బళ్లు పెరిగాయి. సంత రోజున ఎవడికి తోచినచోట వాడు బండి విప్పేసేవాడు. కుండలు అమ్ముకునే ముసలమ్మ ముందు ఎద్దు వచ్చి పడుకుంటే లేపే దిక్కుండేది కాదు. వానాకాలంలో ఇరుసుదాకా బురద. ఆశీలు డబ్బుతో దొడ్డి మెరకవేసి, ఒక నుయ్యి తవ్వించి, ఎడ్లకి నీళ్ల తొట్టి కట్టించాలని కమిటీ ఆలోచన. మంచిదే.

చిక్కంతా ఎవరి దగ్గర ఎంత పుచ్చుకోవాలన్న దగ్గర వచ్చింది. కమిటీ మా వీధి అరుగు మీదే కూర్చునేది కాబట్టి వాళ్ల మాటలు నాకు వంటింట్లోకి వినపడేవి. కొబ్బరికాయల వ్యాపారి దొరబాబు పెద్ద బండికి ఎక్కువ, చిన్న బండికి తక్కువ అన్నాడు. ఇంకొకాయన బరువును బట్టి ఉండాలన్నాడు. మరొకాయన బ్రాహ్మల బళ్లకీ, దేవుడి బళ్లకీ వద్దన్నాడు. మా తమ్ముడు అందరినీ ఆఖరిదాకా మాట్లాడనిచ్చి, అప్పుడు తన జబ్బు బయటపెట్టాడు.

"దొడ్లో చక్రం ఆగితే అర్ధణా అండి. జమీందారు బండైనా అంతే, పిడకల బండైనా అంతే. ఆగకుండా సరుకు దింపుకు పోయేవోడికి ఏమీ లేదు. అంతకంటే న్యాయం నాకు తెలీదండి."

"వసూలు ఎవరు చేత్తారండి? పాటకి ఇచ్చేద్దామా?" అన్నాడు దొరబాబు.

"పాటకిత్తే పాడుకున్నోడు అర్ధణాని అణా చేత్తాడండి. రేవుల్లో చూత్తన్నాం కదా. కమిటీ పెద్ద చేతికే ఇవ్వాలి. ఇంకోళ్ల చేతికిత్తే చెల్లదని దండోరా వేయిద్దాం."

వేయించారు. అమలాపురం నుంచి సముద్రం ఒడ్డుదాకా డప్పు మోగింది. తాసీల్దారుగారు ముద్ర కూడా వేశారు. ఆ పూట మా తమ్ముడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. డప్పు కాట్రేనికోనలో కూడా మోగుతుందనీ, అక్కడ తనకో వియ్యంకుడు ఉన్నాడనీ పాపం వాడికి తోచలేదు.

మా తమ్ముడి కూతురు సత్యవేణిని ఇచ్చింది కాట్రేనికోనే. దాని తల్లి పురిట్లోనే పోతే, మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన నేను పెంచాను. మాకు ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పిల్ల. దాని మామగారు బుల్లబ్బాయి. పేరు చూసి మోసపోకూడదు. మనిషి గుమ్మానికి అడ్డం, మీసం మనిషికి అడ్డం. ప్రతి సంతకూ కొబ్బరికాయల బండి తోలుకొచ్చేవాడు. కోడలు ఇంటి దగ్గర ఈనెల చీపుర్లు కట్టి, వాటిని కాయల మీద పేర్చుకుని తనూ వచ్చేది. కాయలు దొరబాబు కొట్లో దింపాక, ఆయన బండి విప్పి ఎడ్లకి గడ్డి వేసి, తువ్వాలు మొహం మీద కప్పుకుని పొద్దువాలేదాకా నిద్రపోయేవాడు. ఆ పూటంతా పిల్ల మాది. నేను అన్నం పట్టుకెళ్లేదాన్ని. అక్కడే బండి నీడన తినేవాళ్లం. మా తమ్ముడికి వారమంటే ఆ పూటే. మిగతా రోజులు దానికోసం గడిపేవాడు.

ఇంటికే తీసుకుపోవచ్చుగా అంటారేమో. పిలుపు లేకుండా, మర్యాదలు లేకుండా వియ్యాలవారి గుమ్మం తొక్కకూడదు. ప్రతి సంతకూ పిలిచి ప్రతి సంతకూ పంచెలచాపు పెట్టాలంటే జమీందారైనా చాలడు. పోనీ మా తమ్ముడే కాట్రేనికోన వెళ్లి చూసి రావచ్చు కదా అంటే, ఇచ్చిన పిల్ల ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు మా ఇళ్లల్లో. ఆ పిల్ల చేతి నుంచి చిల్లిగవ్వ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే కూతుర్ని అమ్ముకున్నవాడంటారు. ఒక్కసారి వెళ్లాడు. దాహం వేస్తుందని చంకలో కొబ్బరిబొండాం పెట్టుకుని మరీ వెళ్లాడు. అది అయిపోగానే లేచి వచ్చేశాడు.

కొత్త ఆశీలు మొదలైన సంత రోజున మా తమ్ముడు తలపాగా చుట్టుకుని దొడ్డి మొగలో నిలబడ్డాడు. వచ్చినవాడు వచ్చినట్టు అర్ధణా చేతిలో పెట్టి లోపలికి పోతున్నాడు. నేను అన్నం గంపతో పక్కనే ఉన్నాను. కాట్రేనికోన బండి రానే వచ్చింది. సత్యవేణి దూరం నుంచే చెయ్యి ఊపింది. బుల్లబ్బాయిగారు బండి దిగి, రొంటిన దోపుకున్న సంచి తీసి, ముడి విప్పబోతూ తలెత్తి చూశారు. ఎవరి చేతిలో పెట్టాలో అప్పుడు కనపడింది ఆయనకి.

"ఏటండీ బావగారూ," అన్నారు. "ఆశీలు మీ చేతిలో పెట్టాలాండీ నేను?"

మా తమ్ముడి మొహం వాడిపోయింది. "కమిటీ చేతిలోనండి," అన్నాడు మెల్లిగా.

"చెయ్యి మీదే కదండీ! పిల్లనిచ్చినోరి చేతిలో డబ్బులెట్టి బండి నిలుపుకున్నాడని మా ఊళ్లో చెప్పుకోరాండీ?" సంచి మళ్లీ రొంటిన దోపేశారు. "ఆగంలెండి. కాయలు దింపేసి పోతాం. ఆగనోడికి ఏమీ లేదన్నారుగా డప్పులో."

అన్నంత పనీ చేశారు. కాయలు దింపించి, చీపుర్లు కొట్లో గిరవాటేయించి, ఎడ్లకి ఊరి బయట కాలవ గట్టు మీద నీళ్లు పెట్టుకుంటానంటూ బండి తిప్పేశారు. సత్యవేణి వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తూ పోయింది. గంపలో అన్నం గంపలోనే ఉంది. ఇంటికొచ్చాక మా తమ్ముడు అది ముట్టుకోలేదు. నాకు వాడి మీద జాలేసింది, జాలితో పాటు ఒళ్లు మండింది.

"ఒరే మాణిక్యం, ఊరందరికీ న్యాయం చేసేవు. పిల్లకి మాత్రం అన్యాయం చేసేవు," అన్నాను.

"నాకు మాత్రం తెలీదా అక్కా," అన్నాడు వాడు.

తరువాతి సంతకు వాడు ఒక ఉపాయం పన్నాడు. బండి దొడ్డి మొగకు రాగానే ఎదురెళ్లి, "బావగారూ, మీ బండి ఆశీలు నేనే వేసేత్తానండి," అన్నాడు. అంతకంటే పొరపాటు మాట ఇంకోటి లేదు. వినగానే ఆయన మీసం లేచి నిలబడింది.

"నా ఎడ్లు నించునే నేలకి మీరు బాడుగ కడతారాండీ? అంత లేనోడి కింద కనపడ్డానా మీకు?"

"పోనీ మా ఇంటి దొడ్లో విప్పుకోండి బావగారూ."

"అర్ధణాకి భయపడి వియ్యంకుడి దొడ్లో దూరేడంటారండి. వద్దులెండి!" బండి మళ్లీ వెనక్కి పోయింది.

ఈ గొడవ సంతంతా పాకింది. దొరబాబు మంచివాడు, చూడలేక కమిటీలో తనే మాట ఎత్తాడు.

"మాణిక్యాలరావుగారండీ, మీ వియ్యంకుడు గారికి ఆశీలు మాఫీ చేసేద్దావండి. ఎవరేవంటారు?"

"ఏవంటారంటే," అన్నాడు రెండో ఆయన, "నాకూ ఉన్నారు కదండీ, ముక్కామల వియ్యంకుడు గారు."

"నాకు ముమ్మిడివరంలో ఇద్దరున్నారండి," అన్నాడు మూడో ఆయన.

"మా మేనత్త మొగుడి తరఫున అల్లవరం వోళ్లంతా వియ్యంకులే అవుతారండి మాకు," అన్నాడు నాలుగో ఆయన.

లోపల నేను పొయ్యి ముందు కూర్చుని నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. కోనసీమలో ఎవడికి ఎవడు వియ్యంకుడు కాడు? మా తమ్ముడు అందరినీ చెప్పనిచ్చి, అప్పుడన్నాడు.

"ఇలాగైతే ఆశీలు కట్టడానికి ముందూ వెనకా ఎవరూ లేనోడు ఒక్కడు మిగులుతాడండి. వోడి డబ్బులతో మనం నుయ్యి తవ్విద్దాం. మాఫీ వద్దండి. నా కోసం అసలే వద్దు."

"పోనీ వసూలుకి ఇంకోణ్ణి పెడదావండి," అన్నాడు దొరబాబు.

"డప్పేసి చెప్పిన మాటండి. వియ్యంకుడికోసం మార్చేడంటే రేపు ఆ దొడ్లో ఒక్కడు నా మాట వినడు."

వాడన్నది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని రోటికేసి బాదాలనిపించింది నాకు. ఎందుకంటే వాడు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. సంత రోజున పొద్దున్నే లేచి తలంటుకుని దొడ్డి మొగకు వెళ్తాడు. కాట్రేనికోన బండి వస్తుంది, కాయలు దింపుతుంది, పోతుంది. పిల్ల బండి మీద నుంచి చూస్తుంది. వీడు కింద నుంచి చూస్తాడు. ఇంటికొచ్చి, పిల్ల ఒళ్లు తగ్గిందా అక్కా, అని నన్నడుగుతాడు. అంత దూరం నుంచి నాకేం తెలుస్తుంది?

ఎండలు ముదిరాక వచ్చిన ఒక సంతకు కాట్రేనికోన బండి కాయలు దింపి ఊరి బయటికి తిరగలేదు. తిన్నగా దొడ్డిలోకి వచ్చింది. కానీ బండి ఆగలేదు. బుల్లబ్బాయిగారు బండి ముందుభాగాన కూర్చుని ఎడ్లను అదిలిస్తూ దొడ్డి అంచునే చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు.

"చక్రం ఆగితే కదండీ ఆశీలు," అన్నారు అందరికీ వినపడేలా. "ఆగదు. నడుత్తానే ఉంటాది. పిల్ల బెంగపెట్టుకుని అన్నం సరిగ్గా తింటం లేదు. తండ్రీ కూతుళ్లు ఎంతసేపు మాటాడుకుంటారో మాటాడుకోండి. నేను తిప్పుతానే ఉంటాను."

ఆ మాటతో ఆయన మీద నాకున్న కోపం సగం చచ్చిపోయింది. ఆయనకీ కోడలంటే ప్రాణమే. మర్యాద అడ్డం పడి కదలలేకపోతున్నాడు, అచ్చం మా వాడిలాగే. ఇద్దరినీ ఒక తాటికి కట్టేసి కాలవలో ముంచితే పీడా పోతుందనుకున్నాను.

మా తమ్ముడు బండి అంచు పట్టుకుని పక్కనే నడవడం మొదలుపెట్టాడు. సంత సంతంతా అమ్మకాలు ఆపి చూస్తోంది. దొరబాబు కొట్టు మెట్టు మీద నిలబడి, "కల్యాణానికి అంతర్వేది వెళ్లినా ఇన్ని ప్రదక్షిణలు చెయ్యలేదండీ బాబూ!" అన్నాడు. పక్కవాళ్లు గొల్లుమన్నారు.

"బాగున్నావా తల్లీ?" అని అరిచాడు మా తమ్ముడు. ఇరుసు కీచుమంటుంటే అరవక ఎలా?

"బాగున్నాను నాన్నా!" అని అదీ అరిచింది.

"అన్నం తింటం లేదంట?"

"తింటన్నాను నాన్నా!"

అంతకు మించి ఏం మాట్లాడతారు? ముందు మామగారు, చుట్టూ జనం. పిల్ల కళ్లనిండా నీళ్లు. వీడు ఒకచేత్తో బండి పట్టుకుని, రెండో చేత్తో తలపాగా సర్దుకుంటూ, ఏదో ఒకటి అడగాలని, పాడి గేదె ఈనిందా అని అడిగాడు. వాళ్లకి గేదె లేదు. బండి తిరుగుతూనే ఉంది. ఎర్ర ఎద్దు నోటి వెంట నురగ కారుతోంది. మా తమ్ముడి పంచె మోకాళ్లదాకా దుమ్ము కొట్టుకుపోయింది. చెప్పు తెగితే దాన్నక్కడే వదిలేసి, కాలే నేల మీద వట్టికాలితో నడుస్తున్నాడు. ఆగరా అని నేను కేకేశాను. వినలేదు. చివరికి తడబడి, బండి అంచు చేతిలోంచి జారి, మోకాళ్ల మీద పడ్డాడు.

సత్యవేణి నడుస్తున్న బండి మీద నుంచి దూకేసింది. తండ్రిని లేపి, మోకాళ్లకంటిన దుమ్ము దులిపింది. లేచి నిలబడి, పైట సర్దుకుని, కొంగు ముడి విప్పింది. అందులో చీపుర్లు అమ్మిన డబ్బులున్నాయి. ఒక అర్ధణా తీసి తండ్రి ముందుకు చాపింది.

"మా బండి ఆశీలు నాన్నా," అంది.

బుల్లబ్బాయిగారు పగ్గాలు బిగబట్టారు.

"నీకేటమ్మా మధ్యన?" అన్నారు ఆయన.

"మీ బండికి మీరు కడితే మీకు చిన్నతనం మావయ్యగారూ. మా నాన్న కడితే మీకు చిన్నతనం. నేను మీ ఇంటి పిల్లనే, ఆయన పిల్లనే. నాకు ఎవరిదగ్గరా చిన్నతనం లేదండి. నేను కడతన్నాను."

"బానే ఉందమ్మా," అన్నాడు దొరబాబు మెట్టు మీద నుంచి, ఈసారి నవ్వకుండా. "పుచ్చుకోవాల్సింది మీ నాన్న కదా."

అవును, అక్కడుంది అసలు ముడి. ఇచ్చిన పిల్ల ఇంట మంచినీళ్లు తాగని మనిషి వాడు. ఊరందరి ముందు ఆ పిల్ల చేతి డబ్బు పుచ్చుకుంటే, చచ్చేదాకా జనం చెప్పుకునే మాట అది. పుచ్చుకోకపోతే బండి పోతుంది, ఇక రాదు. వద్దురా అనాలో, పుచ్చుకోరా అనాలో నాకే తెలియలేదు.

మా తమ్ముడు కూతురి మొహంలోకి చూశాడు. చుట్టూ ఉన్న జనం వైపు చూడనే లేదు. దుమ్ము కొట్టుకున్న కుడిచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. చెయ్యి చాపాడు.

సత్యవేణి అర్ధణా ఆ చేతిలో పెట్టింది. వాడు దాన్ని కళ్లకద్దుకుని, అందరి డబ్బులూ వేసే ముంతలో వేశాడు. "కాట్రేనికోన బండి, ముట్టింది," అన్నాడు.

బుల్లబ్బాయిగారు బండి దిగారు. కాడి ఎత్తి ఎడ్లను తనే విప్పారు. వాటిని నీడకు తోలుకెళ్లి కట్టి, తిరిగొచ్చి మా తమ్ముడి ఎదురుగా నిలబడ్డారు.

"బావగారూ, నోరెండిపోతందండి. కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారాండీ?"

పిలుపూ లేదు, పీటా లేదు, వెండి చెంబూ లేదు. నా గంపలో ఉన్న మట్టి ముంతతో మా తమ్ముడు నీళ్లు పోస్తే, ఆయన వంగి దోసిలి పట్టి తాగారు. తాగి, మిగిలిన తడితో మొహం తుడుచుకుని, తువ్వాలు కప్పుకుని ఎప్పటిలాగే అటు తిరిగి పడుకున్నారు. జనం ఎవరి బేరాలకు వాళ్లు పోయారు.

నేను బండి నీడన అన్నం వడ్డించాను. సత్యవేణి ఆబగా తింది. ఇప్పుడు ఎన్ని కబుర్లు చెబుతుందో అని మా తమ్ముడు దగ్గరగా జరిగి కూర్చున్నాడు. అది చెయ్యి కడుక్కుని వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది, అంతే, నిద్రపోయింది. తెల్లవారకుండా లేచి అంత దూరం వచ్చిన పిల్ల. వీడు లేపనివ్వలేదు. తలపాగా విప్పి, దాని మొహం మీద ఈగలు వాలకుండా విసురుతూ కూర్చున్నాడు. ఎవడైనా బండివాడు ఆశీలు తెస్తే, మాట్లాడకుండా ఎడమచేత్తో డబ్బుల ముంత చూపించాడు. అన్నాళ్ల నుంచి వాడి మొహంలో లేని కళ అప్పుడు వచ్చింది. నాకు కడుపు నిండిపోయింది.

పొద్దువాలాక బుల్లబ్బాయిగారు బండి కట్టారు. సత్యవేణి ఎక్కి కూర్చుంది. జుట్టు చెదిరి, ఒక చెంప మీద నా చీర మడత అచ్చు పడి ఉంది. బండి కదిలాక అంచు మీదికి వంగింది.

"నాన్నా, వచ్చే సంతకి కూడా చీపుర్లు కడతాను. తెత్తాను."

వచ్చే సంతకీ, ఆ వచ్చే సంతకీ, అందరి ముందూ కూతురి దగ్గర చెయ్యి చాపాలన్నమాట. వాడికి తెలుసు.

"కట్టమ్మా," అన్నాడు మా తమ్ముడు. "నేనిక్కడే ఉంటాను."